బండగేరిలో ఆగిన ట్యాంకరు

మా పురపాలక సంఘం వెబ్‌సైటు కదలడం లేదని కనిపెట్టినవాడు పైనుంచి తనిఖీకి వచ్చిన ఒక పెద్ద అధికారి. కాఫీ తాగుతూ తన ఫోనులో మా పేజీ తెరిచి, వేలితో ఒకసారి పైకీ కిందికీ తోసి, "ఏమిటండీ ఇది, ఉలుకూ పలుకూ లేకుండా పడుంది?" అన్నాడు. కాఫీ అవగానే కారెక్కి వెళ్ళిపోయాడు. ఊరు దాటేలోపే ఆ మాట మరిచిపోయి ఉంటాడు. మా కమిషనర్ భువనమోహనరావు గారు మాత్రం మరిచిపోయే రకం కాదు.

ఆ పేజీ కట్టింది నేనే. కాంట్రాక్టు మనిషిని. మేడ మీద, విరిగిన కుర్చీలు పడేసే గదిలో నాకూ ఒక కుర్చీ ఇచ్చారు. ఇంటిపన్ను కట్టడానికి ఒక బటను, ఫిర్యాదు ఇవ్వడానికి ఒకటి, నీళ్ళ ట్యాంకరు అడగడానికి ఒకటి పెట్టాను. మూడూ పెట్టినచోటే ఉండేవి. వేలితో నొక్కేదాన్ని నిలకడగా ఉంచాలన్న పాతకాలపు బుద్ధి నాది.

మర్నాడే సమావేశం పెట్టారు.

"చలనమే పాలన," అని మొదలుపెట్టారు కమిషనర్ గారు. "నిశ్చలమైన పుట నిర్లక్ష్య పరిపాలనకు నిలువుటద్దము. ఇకమీదట మన పుటయందు ఏ అంశమూ, ఏ క్షణమందూ స్థిరముగా నుండరాదు. అదియునుగాక, పుటస్థితికీ క్షేత్రస్థితికీ ఇసుమంతయు భేదముండరాదు. పుటలో ఉన్నదే ఊరిలో ఉండవలెను."

"అట్లే సార్," అన్నారు మేనేజరు ఓబులపతి గారు. రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్న మనిషి. ఆయన సర్వీసంతా ఆ రెండు మాటల మీదే నడిచింది.

ఎలా కదిలిస్తావని నన్ను అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. బొమ్మ అయినా అక్షరమైనా ఎక్కడ బయల్దేరాలి, సగం దారిలో ఎలా ఉండాలి, నూరు శాతం అయ్యేసరికి ఎక్కడ తేలాలి అన్నది ముందు రాసుకుంటాం. దాన్ని కీఫ్రేమ్స్ అంటారు. దానికో పేరు పెడతాం. తర్వాత పేజీలో దేన్ని కదిలించాలో దానికి ఆ పేరు తగిలించి, ఎంతసేపట్లో, ఎన్నిసార్లు అని చెబితే చాలు, అది ఆడడం మొదలుపెడుతుంది.

"నూరు శాతము చేరిన పిదప?" అన్నారు కమిషనర్ గారు.

"మొదట ఎక్కడుందో మళ్ళీ అక్కడికే వచ్చి పడుతుంది సార్. చివర్లో అక్కడే ఉండమని విడిగా రాస్తే తప్ప."

"రాయవద్దు. ఉండుట అనగా ఆగుట. ఎన్నిసార్లు అన్నచోట అనంతమని వేయండి. ఇంతకూ ఆ పేర్లు ఎవరు పెడతారు?"

"నేనే సార్, గుర్తుకోసం."

అందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. ప్రభుత్వ కదలికకు కాంట్రాక్టు మనిషి పేరు పెట్టడమా? నేను చేసిన తప్పేమిటో అందరి ముఖాల్లోనూ చదువుకోగలిగాను. ఆ పూటే చలన నామకరణ ఉపసంఘం ఏర్పడింది.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. ఉపసంఘం సరిగ్గా అక్కణ్ణుంచే ప్రారంభించింది. నేను ఒక్క కదలికా రాయకముందే పేర్ల కోసం కొట్లాట మొదలైంది. ఇంజనీరు గారు ఎడమ నుంచి కుడికి జారే కదలిక తన పేరున ఉండాలన్నారు, రోడ్లు వేసింది తాను కాబట్టి. చిన్నదిగా ఉన్నది ఉబ్బే కదలికను రెవెన్యూ అధికారి అడిగి తీసుకున్నారు. వణికే కదలిక ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆ రోజు సెలవులో ఉన్న శానిటరీ ఇన్‌స్పెక్టరు గారి పేరు దానికి పెట్టి, సెలవులో ఉన్నవారి సమ్మతి పొందబడినట్లే భావించాలని తీర్మానించారు.

రెండు శాఖల వాళ్ళూ తమతమ కదలికకు 'ప్రగతి' అనే పేరే కావాలని పట్టుబట్టడంతో రెండింటికీ అదే పెట్టాను. మొదటిది ఎంత చూసినా ఆడదు. ఒకే పేరుతో రెండు రాస్తే చివర రాసిందే చెల్లుతుంది, ముందుది లెక్కలోకి రాదని చెప్పాను.

"బదిలీ ఆర్డర్ల మాదిరి," అన్నారు ఓబులపతి గారు నా చెవిలో.

పరువు పోయిన శాఖవారు ఊరుకోలేదు. దాంతో ఉపసంఘం తీర్మానం లేకుండా ఏ కదలికనూ మార్చరాదని కమిషనర్ గారు ఉత్తర్వు ఇచ్చారు. ఈ ఉత్తర్వును కొంచెం గుర్తుంచుకోండి. నా నెత్తి మీదికి వచ్చిందీ అదే, నన్ను కాపాడిందీ అదే.

కొత్త పేజీని మామిడాకుల తోరణం కట్టి ప్రారంభించారు. ఊరి పేరు పైనుంచి చినుకుల్లా రాలుతోంది. ఇంటిపన్ను బటను గోడగడియారం లోలకంలా ఊగుతోంది. ఫిర్యాదు బటను మెల్లగా కనబడి, నొక్కుదామని వేలు చాపేలోపు మెల్లగా మాయమవుతోంది. కమిషనర్ గారి ఫొటో ఆవగింజంత మొదలై, పేజీ అంతా నిండి, మళ్ళీ ఆవగింజ అవుతోంది. ఇది ఆయన సొంత రూపకల్పన. వీటన్నిటికీ తలమానికం నీళ్ళ ట్యాంకరు. పంపుహౌసు దగ్గర బయల్దేరి, ఊరి పటం మీదుగా, దారి పొడుగునా నీటిచుక్కలు రాలుస్తూ, కొండ కింద బండగేరి చేరుతుంది. చేరగానే మళ్ళీ పంపుహౌసు దగ్గర ఉంటుంది. దీనికి 'జలప్రసాదం' అని పేరు.

బండగేరి మా ఊళ్ళో చిట్టచివరి వీధి. అక్కడ కొళాయిలున్నాయి గాని వాటిలోంచి ఎండాకాలం గాలి వస్తుంది. ట్యాంకరే గతి. అంతకుముందు ఎవరైనా బటను నొక్కితే డ్రైవరు రసూల్ బండి తీసుకుని వెళ్ళేవాడు. ఇప్పుడు పుటకూ క్షేత్రానికీ భేదం ఉండకూడదు కదా. పుటలో ట్యాంకరు క్షణం తీరిక లేకుండా బండగేరికి వెళుతూనే ఉంది. వెళుతున్న బండిని మళ్ళీ పంపడం ప్రజాధనం దుబారా అని కమిషనర్ గారు తేల్చారు. అసలు ట్యాంకరు షెడ్డులో నిలబడింది. డీజిల్ ఆదా చేసినందుకు పైనుంచి మెచ్చుకోలు వచ్చింది.

"నా పని ఆ బొమ్మే చేస్తాండాది కదప్పా," అన్నాడు రసూల్, బండి కింద నీడలో గోనెపట్టా పరుచుకుంటూ.

అటు తర్వాత కమిషనర్ గారి చూపు మనుషుల మీద పడింది. పుటలో అన్నీ కదులుతుంటే ఆఫీసులో మాత్రం జనం క్యూలో స్తంభాల్లా నిలబడడం భేదం కాదా? కౌంటరు ముందు ఎవరూ ఆగరాదని బోర్డు పెట్టించారు. క్యూ కౌంటరును దాటి, వరండా చుట్టి, సైకిళ్ళ స్టాండు మీదుగా మళ్ళీ తోక దగ్గరికి వచ్చి కలుస్తుంది. చూడడానికి రథయాత్రలా ఉంటుంది.

చౌడమ్మను నేను మొదట చూసింది ఆ క్యూలోనే. బండగేరిలో బొరుగులు వేయించి అమ్ముకునే మనిషి. ముందు తన కొడుకు ఫోనులో ట్యాంకరు బటను నొక్కబోతే అది పక్కకు జారింది. మళ్ళీ నొక్కబోతే కమిషనర్ గారి ఫొటో ఉబ్బి అడ్డం వచ్చింది. ఫోనుకు గాలి సోకిందేమోనని దిష్టి కూడా తీసిందట. లాభం లేక ఆఫీసుకు వచ్చింది. కౌంటరు ముందు ఆగకూడదు కాబట్టి తన బాధను చుట్టుకో ముక్క చెప్పుకోవలసి వచ్చింది.

"సామీ, మా గేరికి చుక్క నీళ్ళు లేవు..."

"కదలండమ్మా, కదలండి," అన్నాడు గుమాస్తా.

ఆమె వరండా చుట్టి వచ్చింది. "నా కోడలు మగబిడ్డను కన్నింది..."

"సంతోషం. కదలండి."

మళ్ళీ చుట్టి వచ్చింది. "బేస్తవారం పురుడు పోయల్ల. తల్లికీ బిడ్డకూ నీళ్ళు పోసి, ఇల్లు కడిగితేగానీ..."

"కదలండి."

"...తొట్లో వేసేకి లేదు, పేరు పెట్టేకి లేదు!" అని నాలుగో చుట్టులో అరిచి, రొప్పుతూ సైకిళ్ళ స్టాండు దగ్గర కూలబడింది. అక్కడ కూడా కూర్చోకూడదని కాపలావాడు లేపాడు.

గుమాస్తా పాపం మంచివాడు, ప్రతి ముక్కా రాసుకున్నాడు. కాకపోతే ఒక్కో చుట్టు ఒక్కో ఫిర్యాదు. మగబిడ్డ పుట్టిన ఫిర్యాదు జనన మరణాల విభాగానికి పోయింది. పేరు పెట్టలేని ఫిర్యాదు నామకరణ ఉపసంఘానికి పోయింది. వాళ్ళు, శిశువు కదలిక ఏ తరహాది, జారునా ఊగునా అని వివరణ కోరారు. నీళ్ళ ఫిర్యాదు ఇంజనీరు గారి దగ్గరికి పోయింది. ఆయన పేజీ తెరిచి చూశారు. ట్యాంకరు బండగేరికి వెళ్ళింది. ఇంకోసారి వెళ్ళింది. ఆయన చూస్తుండగానే ఇంకోసారి వెళ్ళింది. ఆయన ముఖంలో రంగు మారింది.

"నీళ్ళు లేకపోవడమా! ఇంత నీరు పోతుంటే ఆ వీధి ఏమైపోతుంది?" అంటూ కమిషనర్ గారి గదికి పరుగెత్తారు.

లెక్క వేశారు. ఒక ట్యాంకరుకు ఇన్ని నీళ్ళు, నిమిషానికి ఇన్ని ట్యాంకర్లు. బండగేరి ఈపాటికి తాటిచెట్టు లోతున మునిగి ఉండాలి. ఇంకా ఫిర్యాదులు వస్తున్నాయంటే అక్కడి ప్రజలు ఎత్తైన ప్రదేశాలు ఎక్కి ఉంటారని కమిషనర్ గారు అంచనా వేశారు. ముంపు హెచ్చరిక జారీ అయింది. లారీలో ఇసుక మూటలు వెళ్ళాయి. బండగేరి వాసులు నీటిని దుబారా చేయరాదనీ, పిల్లలను లోతు నీళ్ళలోకి వదలరాదనీ మైకులో చెప్పి వచ్చారు.

బుధవారం పొద్దున చౌడమ్మ నా గది వెతుక్కుంటూ మెట్లెక్కి వచ్చింది. నా గదిలో క్యూ లేదు కాబట్టి ఆమె ఆగవచ్చు. ఆగింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"బొమ్మలాడించేది నువ్వేనంట కదప్పా?"

"అవునమ్మా."

"బొమ్మలకంతా పేర్లు పెట్టినారంట?"

"పెట్టారమ్మా. నేను కాదు, పెద్దవాళ్ళు."

"ఊగేదానికి పేరు, దొర్లేదానికి పేరు. పుట్టిన బిడ్డకు పేరు పెట్టేకి మాత్రం నీళ్ళు లేవు. పచ్చి బాలింత, ఎండకు ఒళ్ళంతా చీదర పుట్టి ఏడుస్తాంది. నేను బొరుగులమ్మి క్యాన్ల నీళ్ళు ఎన్ని కొనల్ల? మీ ఇసుక మూటలు మా గడప ముందర వేసిపోయినారు. ఆ లారీలో నీళ్ళు తెస్తే మీ సొమ్మేం పోయ?"

నవ్వు రావలసిన మాటే, నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ ఈ తమాషా నాకు సంబంధం లేదన్నట్టు చూసి ఆనందించిన నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆమె నా తెర వైపు చూసింది. ట్యాంకరు చుక్కలు రాలుస్తూ వెళుతోంది, బండగేరి చేరుతోంది, మాయమై మళ్ళీ పంపుహౌసు దగ్గర తేలుతోంది.

"ఇదేనా మా గేరికి వచ్చేది? వచ్చినట్టే వచ్చి యాడికి పోతాంది?"

"మళ్ళీ మొదటికి పోతుందమ్మా."

"రెండు నిమిషాలు కూడా నిలబడదు. నిజం బండి ఎట్లాగూ రాదు. ఆ బొమ్మ బండినన్నా మా గేరిలో ఒక గంట నిలబెట్టు నాయనా. నా కోడలికి ఫోనులో చూపిస్తా. వచ్చిందిలేమ్మా, ఏడవద్దు అంటా."

ఇంత చిన్న కోరిక ఆ ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ కోరి ఉండరు. ఉపసంఘం ఉత్తర్వు గుర్తుకొచ్చింది. పోతే పోనీ అనుకున్నాను. 'అనంతం' అన్నచోట 'ఒకసారి' అని వేసి, చివర్లో అక్కడే ఉండమని ఒక మాట రాశాను. ట్యాంకరు పంపుహౌసు దగ్గర బయల్దేరింది. ఊరు దాటింది. బండగేరి చేరింది. ఆగింది.

చౌడమ్మ తెర మీద దాన్ని వేలితో తాకి చూసి, "చల్లగుండు," అని వెళ్ళిపోయింది.

ఆమె ఇంకా గేటు దాటి ఉండదు, కింద కలకలం పుట్టింది. కమిషనర్ గారు స్వయంగా మెట్లెక్కి వచ్చారు. ఆయన వెనక ఇంజనీరు గారు, వారి వెనక ఓబులపతి గారు.

"ఆగింది! పుటయందు ఒక అంశము ఆగింది! మధ్యాహ్నం తనిఖీ అధికారి గారు మరల మన పుట చూడబోవుచున్నారు. తక్షణమే కదిలించండి!"

"తప్పకుండా సార్," అన్నాను. "కాకపోతే కదలిక మార్చాలంటే ఉపసంఘం తీర్మానం ఉండాలని మీ ఉత్తర్వు."

"సమావేశపరచండి!"

"శానిటరీ ఇన్‌స్పెక్టరు సెలవులో ఉండాడు సార్," అన్నారు ఓబులపతి గారు. "వణుకుడికి తన పేరు పెట్టినారని అలిగి పోయినాడు. ఆయప్ప లేకుంటే ఈసారి చెల్లదని ఆయప్పే కాగితం పెట్టినాడు."

కమిషనర్ గారు నా విరిగిన కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. ఆయన బుర్రలో నియమాలు ఒకదాన్నొకటి ఒరుసుకోవడం బయటికి వినిపిస్తున్నట్టే ఉంది. పుట మార్చడానికి వీల్లేదు. పుటలో ట్యాంకరు బండగేరిలో నిలబడి ఉంది. బండగేరిలో ట్యాంకరు లేదు. పుటకూ క్షేత్రానికీ భేదం ఏర్పడింది. కళ్ళు తెరిచారు.

"పుట మారనప్పుడు క్షేత్రమే మారవలెను. ట్యాంకరును బండగేరిలో నిలబెట్టండి."

"ఖాళీదా సార్, నింపిందా?" అన్నారు ఇంజనీరు గారు.

అందరూ తెర మీదికి వంగి చూశారు. బొమ్మ ట్యాంకరు ఆగినా, చుక్కలది వేరే కదలిక కాబట్టి అవి కారుతూనే ఉన్నాయి.

"నింపినదే," అన్నారు కమిషనర్ గారు. "కారుచుండవలెను."

రసూల్‌ను గోనెపట్టా మీద నుంచి లేపారు. పంపుహౌసులో బండిని అంచుదాకా నింపారు. ముందు కమిషనర్ గారి జీపు, దాంట్లో ఒక మూల నేను, వెనక ట్యాంకరు, దాని వెనక ముంపు సహాయక సిబ్బంది తెప్పతో సహా. తెప్ప ఎందుకని నేను అడిగాను. బండగేరి నీళ్ళలో ఉన్నట్టు తమ రికార్డు ఇంకా చెబుతోందన్నారు.

ట్యాంకరు బండగేరి మొగదల ఆగగానే ముందు ఎవరూ నమ్మలేదు. అది కూడా చేరగానే మాయమవుతుందేమోనని కాసేపు దూరంగా నిలబడి చూశారు. తర్వాత బిందెలు, బక్కెట్లు, అటకల మీది గంగాళాలు వచ్చేశాయి. కారాలన్న నియమం ప్రకారం ఇంజనీరు గారే కొళాయి తిప్పారు. మర్నాడు చేయవలసిన పురుడు ఆ మధ్యాహ్నమే కానిచ్చేశారు, మళ్ళీ నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరికి తెలుసు! తనిఖీ అధికారి పేజీ చూసేదాకా బండి కదలడానికి వీల్లేదు కాబట్టి కమిషనర్ గారికీ కదలడానికి వీల్లేదు. అయితే తాను మటుకు ఆగరాదు కనుక ట్యాంకరు చుట్టూ నడుస్తూ ఉన్నారు.

"సారూ, రవంత అవతలికి జరగండి," అని చౌడమ్మ ఆయన్ను పక్కకు తప్పించింది. "బిడ్డకు నీళ్ళు పోస్తాండాం."

బిడ్డ ఆ మొదటి చెంబుకు గుక్కపట్టి ఏడ్చాడు. తర్వాత కాళ్ళు ఝాడించి హాయిగా మూత్రం పోశాడు. అది కమిషనర్ గారి బూట్ల దాకా వెళ్ళింది. బాలింత తడి జుట్టు వెనక్కి తోసుకుని నవ్వింది. అంత ఎండలో అంత చల్లటి నవ్వు చూడడం నాకు అదే మొదలు. పేరేం పెట్టారమ్మా అని అడిగాను.

"వాళ్ళ తాత పేరే," అంది చౌడమ్మ. "సోమలింగం."

తనిఖీ అధికారి ఆ రోజు పేజీ తెరిచాడో లేదో ఎవరికీ తెలియదు. నాకు మాత్రం మర్నాడే మెమో వచ్చింది. అనుమతి లేకుండా నిశ్చలత కలిగించితివి, ఏల నిన్ను తొలగించరాదో తెలుపుము అని. నా జవాబుతో కలిపి ఫైలు బయల్దేరింది. గుమాస్తా బల్ల, మేనేజరు బల్ల, రెవెన్యూ, ఇంజనీరింగు, శానిటరీ దాటి కమిషనర్ గారి బల్ల మీదికి చేరింది. మరుసటి సోమవారం చూస్తే మళ్ళీ గుమాస్తా బల్ల మీద ఉంది. ఇప్పటికి ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలియదు. శానిటరీ ఇన్‌స్పెక్టరు గారి అలక ఇంకా తీరలేదు కాబట్టి బండగేరిలో రెండు ట్యాంకర్లూ ఆగే ఉన్నాయి. అసలుదాన్ని రసూల్ పొద్దునే తీసుకెళ్ళి నింపుకొచ్చి అక్కడే నిలబెడుతున్నాడు, కారుచుండవలెను కదా.

మొన్న ఓబులపతి గారు మెట్ల దగ్గర నన్ను ఆపి, చుట్టూ చూసి, "ఏమప్పా, ఉద్యోగం పీకే ఫైలు తిరుగుతాంటే నీకు భయమన్నా లేదే?" అని అడిగారు.

"లేదు సార్," అన్నాను. "చివర్లో అక్కడే ఉండమని దాని మీద ఎవరూ రాయలేదు."